బోలు మైక్రోక్యాప్సూల్స్: సిలికా కణాలు పాలిమర్ చుట్టూ గోడ కట్టాలి, నాకేమో గడ్డలు కడుతున్నాయి

#1 విశాఖ_స్కాలర్

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. సిలికా నానోకణాలతో లోపల ఖాళీగా ఉండే క్యాప్సూల్స్ చేసి, వాటిలో ఎంజైమ్ పెట్టి, ఆ ఎంజైమ్‌ని మళ్లీ మళ్లీ వాడుకునేలా చేయడం నా పని. చదవడం మొదలుపెట్టాక అయోమయం పెరిగింది. ఒక పేపర్లో కొల్లాయిడోజోమ్ అంటారు, నూనెలో నీటి బొట్లు చేసి వాటి మీద కణాలు చేరనివ్వాలంటారు. ఇంకోచోట ఒక గుండు మీద పొర మీద పొర వేసుకుంటూ వెళ్లి చివర్లో ఆ గుండుని కరిగించేయాలంటారు. మరోచోట పాలీఅలైల్‌అమీన్ (ధనావేశం ఉన్న పాలిమర్) ద్రావణంలో సోడియం సిట్రేట్ పోసి, వెంటనే సిలికా పోస్తే అయిపోయింది, అంతా నీళ్లలోనే, వేడి కూడా అక్కర్లేదు అంటారు.

సులువుగా ఉంది కదా అని మూడోది మొదలుపెట్టాను. సిట్రేట్ పోయగానే తేటగా ఉన్న ద్రావణం నీలి ఛాయతో మసకబారి, కాసేపటికి తెల్లబడుతోంది. అక్కడిదాకా పేపర్లో రాసినట్టే ఉంది. సిలికా పోశాకే తేడా వస్తోంది. ఒకసారి మైక్రోస్కోప్ కింద ముచ్చటగా గోళాలు కనిపిస్తాయి, ఇంకోసారి అదే కొలతలతో తరకలు తరకలుగా కట్టి నిమిషాల్లో అడుక్కి దిగిపోతుంది. ఎక్కడ వెతకాలో తెలియట్లేదు. ఇంతకీ ఈ మూడు పద్ధతుల్లో ఎంజైమ్‌కి ఏది సరైనదో కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

#2 తార్నాక_కెమ్

తమ్ముడూ, ముందు మూడింటికీ తేడా ఏంటో చూడు, గడ్డల సంగతి తర్వాత మాట్లాడదాం. మూడింట్లోనూ కణాలు ఏదో ఒకదాని చుట్టూ చేరి గోడ కడతాయి. ఆ లోపలున్నది ఏంటి, తర్వాత దాన్ని ఎలా తీసేస్తారు, గోడని ఎలా బిగిస్తారు అన్నవే తేడాలు.

కొల్లాయిడోజోమ్‌లో లోపలున్నది ద్రవపు బొట్టు. లేటెక్స్ (పాలిమర్) కణాల్ని ఎమల్షన్ బొట్ల మీద, అంటే ఒకదానిలో ఒకటి కలవని నూనె, నీళ్ల మిశ్రమంలోని బొట్ల మీద పేర్చి బోలు గోళాలు చేయొచ్చని వెలెవ్, ఆయనతో పనిచేసినవాళ్లు 1996లోనే చూపించారు. ఆ పేరు ప్రచారంలోకి వచ్చింది మాత్రం 2002లో హార్వర్డ్‌లో వైట్జ్ బృందం సైన్స్ పత్రికలో వేసిన పేపర్‌తో. వాళ్లు 0.9 మైక్రాన్ల పాలీస్టైరీన్ గోళాలు వాడారు. బొట్టు మీద చేరిన కణాలు ఊరికే పక్కపక్కన కూర్చుని ఉంటే, బొట్టుని తీసేయగానే అన్నీ చెదిరిపోతాయి. అందుకని 105 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు వేడి చేసి కణాలు ఒకదానికొకటి అంటుకునేలా చేశారు. పాలీస్టైరీన్ మెత్తబడేది దాదాపు 100 డిగ్రీల దగ్గర, నీళ్లు మరిగేదీ అక్కడే, కాబట్టి నీళ్లలో గ్లిసరాల్ కలిపి మరిగే ఉష్ణోగ్రత పెంచుకున్నారు. నీ ఎంజైమ్‌ని 105 డిగ్రీల్లో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మెత్తబడే ఉష్ణోగ్రత తక్కువగా ఉన్న పాలిమర్ కణాలు ఉన్నాయి, బ్యూటైల్ అక్రిలేట్ కలిపిన స్టైరీన్ లాంటివి. వాటిని ఇంకా తక్కువ వేడిలోనే అతికించొచ్చు.

పొర మీద పొర పద్ధతి 1998లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ కొల్లాయిడ్ సంస్థ నుంచి వచ్చింది. డోనాత్, సుఖోరుకోవ్, కారూసో, మోవాల్డ్ వాళ్ల పని. మెలమైన్ ఫార్మాల్డిహైడ్ గోళం మీద ధనావేశం ఉన్న పాలిమర్ ఒక పొర, రుణావేశం ఉన్నది ఒక పొర, అలా వేసుకుంటూ పోయి చివరికి లోపలి గోళాన్ని ఆమ్లంలో కరిగించారు. అదే ఏడాది కారూసో బృందం పాలీస్టైరీన్ మీద సిలికా నానోకణాల పొరలు వేసి, తర్వాత కాల్చి, సిలికా పెంకు మాత్రమే మిగిలేలా చేసింది. గోడ మందం మీద ఇంత అదుపు ఇంకే పద్ధతిలోనూ రాదు. ఓపిక మాత్రం చాలా కావాలి. ప్రతి పొరకీ కలపాలి, ఆగాలి, సెంట్రిఫ్యూజ్ చేయాలి, కడగాలి, మళ్లీ కలపాలి.

నువ్వు చేస్తున్న మూడోది అమెరికాలో రైస్ యూనివర్సిటీలో మైకేల్ వాంగ్ బృందం నుంచి వచ్చింది. 2005లో అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్‌లో వచ్చిన ఆ పేపర్ రాసినవాళ్లలో ఒకరైన రోహిత్ కుమార్ రాణా తర్వాత మన హైదరాబాద్ ఐఐసీటీకి (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) వచ్చారు, ఇక్కడ కూడా ఈ దారిలో పని జరిగింది. కాబట్టి ఇది మనకి అందని విద్యేం కాదు.

ఇప్పుడు నీ కొలతలు చెప్పు. పాలిమర్ ఎంత, సిట్రేట్ ఎంత, సిలికా ఏ రకం, పీహెచ్ ఎంత, సిట్రేట్ పోశాక ఎంతసేపు ఆగుతున్నావు.

#3 గోళగణితం

నేను భౌతికశాస్త్రం వైపు నుంచి. కణాలు బొట్టు మీదకి వచ్చి అక్కడే ఎందుకు ఉండిపోతాయన్నది ఒక్కసారి లెక్క వేసి చూస్తే చాలా సందేహాలు తీరతాయి.

నూనె, నీళ్లు కలిసే తలం దగ్గర ఒక గుండ్రటి కణం కూర్చుంటే ఆ తలంలో కొంత భాగాన్ని మాయం చేస్తుంది. ఆ తలాన్ని నిలబెట్టడానికి అయ్యే శక్తి అంతమేర ఆదా. కణం సగం నూనెలో సగం నీళ్లలో ఉంటే, దాన్ని అక్కడి నుంచి పీకేయడానికి కావలసిన శక్తి: పై గుణించు వ్యాసార్ధం వర్గం గుణించు తలతన్యత. 10 నానోమీటర్ల వ్యాసార్ధం, మీటరుకి 50 మిల్లీన్యూటన్ల తలతన్యత తీసుకోండి. గది ఉష్ణోగ్రతలో అణువుల సహజ కదలికకి ఉండే శక్తి, అంటే కేటీ, దానికి దాదాపు 3800 రెట్లు వస్తుంది. అంటే కణం దానంతటది ఊడి రావడం జరగని పని. 0.9 మైక్రాన్ల గోళమైతే ఆ రెట్లు లక్షలు దాటి 70 లక్షల పైకి పోతాయి.

కానీ కణం తడిసే తీరు మారితే లెక్క తారుమారవుతుంది. అదే 10 నానోమీటర్ల కణం నీళ్లని బాగా ఇష్టపడి కాంటాక్ట్ యాంగిల్ (కణం నీళ్లతో ఎంత తడుస్తుందో చెప్పే కోణం) 90 నుంచి 30 డిగ్రీలకి పడిపోయిందనుకోండి, 3800 కాస్తా 70 లోపుకి వచ్చేస్తుంది. వ్యాసార్ధం 2.5 నానోమీటర్లకి తగ్గించినా 240కి పడిపోతుంది. చిన్న నానోకణాలు తలం మీద కుదురుగా ఉండవు, వస్తూ పోతూ ఉంటాయి. మసాచుసెట్స్ బృందం 2003లో కాడ్మియం సెలెనైడ్ కణాలతో చూపించింది ఇదే, పెద్ద కణాలు వచ్చి చిన్నవాటి చోటు లాక్కుంటాయి.

కణాలతో ఎమల్షన్ నిలబడుతుందన్న సంగతి రామ్స్‌డెన్ 1903లో, పికరింగ్ 1907లో రాశారు. దాదాపు వందేళ్లు అది మామూలు ఎమల్షన్ల కిటుకుగానే ఉండిపోయింది, దాన్ని క్యాప్సూల్ గోడగా చూడడం ఈ మధ్యే మొదలైంది.

ఒక ముఖ్యమైన మాట. విశాఖ గారు చేస్తున్న సిట్రేట్ పద్ధతికి ఈ లెక్కని తీసుకెళ్లి అతికించకూడదు. అక్కడ బొట్టులోనూ నీళ్లే, బయటా నీళ్లే. పాలిమర్ చిక్కగా ఉన్న బొట్టుకీ బయటి నీళ్లకీ మధ్య తలతన్యత చాలా తక్కువ. మీటరుకి 0.1 మిల్లీన్యూటన్ అనుకుందాం. 13 నానోమీటర్ల వ్యాసం ఉన్న సిలికా కణానికి లెక్క వేస్తే 3 కేటీలు వస్తుంది, అంతే. అది దేన్నీ పట్టి ఉంచదు. అక్కడ కణాన్ని పట్టి ఉంచేది ధనావేశం ఉన్న పాలిమర్‌కీ రుణావేశం ఉన్న సిలికాకీ మధ్య ఆవేశాల ఆకర్షణ ఒక్కటే. ఆవేశం తేడా చేస్తే గోడ తేడా చేస్తుంది. మీ గడ్డల జాడ అక్కడే ఉండాలి.

#4 విశాఖ_స్కాలర్

గోళగణితం గారూ, ఆ చివరి లెక్క ఏ పేపర్లోనూ ఇంత సూటిగా చూడలేదు. థాంక్స్.

అన్నా, వివరాలివి. పాలీఅలైల్‌అమీన్ హైడ్రోక్లోరైడ్ మిల్లీలీటరుకి 2 మిల్లీగ్రాములు. ట్రైసోడియం సిట్రేట్ 20 మిల్లీమోలార్. రెండూ ఒక్కో మిల్లీలీటరు. సిలికా లుడాక్స్ హెచ్‌ఎస్ రకం (బజారులో దొరికే ఒక బ్రాండ్), సీసాలోంచి తీసి నీళ్లలో పలచన చేసి పోస్తున్నాను. పీహెచ్ విడిగా ఏమీ సరిచేయట్లేదు. సిట్రేట్ పోశాక ఆగే సమయం ఒక్కోసారి ఒక్కోలా ఉంటోంది, సిలికా తయారు చేసుకునేదాన్ని బట్టి.

#5 తార్నాక_కెమ్

సగం జవాబు నువ్వే రాసేశావు. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు ఆవేశాల నిష్పత్తి. ఈ పద్ధతికి ప్రాణం ఇదే. పాలిమర్‌లో ఒక్కో యూనిట్ బరువు 93.5, ఒక్కోదానికి ఒక ధనావేశం. 2 మిల్లీగ్రాములంటే 21.4 మైక్రోమోళ్ల ధనావేశం. సిట్రేట్ 20 మైక్రోమోళ్లు, పీహెచ్ 7 దగ్గర ఒక్కో సిట్రేట్‌కి సగటున 2.8 రుణావేశాలు, మొత్తం 56. నిష్పత్తి 2.6. ఇది బాగానే ఉంది, పాలిమర్ గొలుసుల్ని సిట్రేట్ వంతెనలు కట్టి బొట్లుగా చేయడానికి సరిపోతుంది, అందుకే తెల్లబడుతోంది. అయితే ఆ 2.8 అన్న అంకె పీహెచ్ మీద ఆధారపడి ఉంటుంది. పీహెచ్ 4కి దిగితే సిట్రేట్ ఆవేశం ఒకటి దగ్గరికి పడిపోతుంది, అప్పుడు వంతెన కట్టడానికి రెండో చెయ్యి ఉండదు. నువ్వు వాడుతున్నది ట్రైసోడియం లవణం కాబట్టి అటువైపు భయం లేదు, ఎప్పుడైనా సిట్రిక్ యాసిడ్ వాడాలనిపిస్తే గుర్తుపెట్టుకో.

రెండోది సిలికా. అసలు చిక్కు ఇదే అనుకుంటున్నాను. లుడాక్స్ హెచ్‌ఎస్ క్షారంలో నిలవ ఉంచిన సిలికా, సీసాలో పీహెచ్ 9.5 పైనే ఉంటుంది. దాన్ని నీళ్లతో పలచన చేస్తే పీహెచ్ కాస్త తగ్గుతుంది కానీ క్షారం ఎక్కడికీ పోదు. అది వచ్చి నీ బొట్ల మీద పడగానే పాలీఅలైల్‌అమీన్ కొంత ధనావేశం పోగొట్టుకుంటుంది, బొట్లు బలహీనపడతాయి, పాలిమర్ బయటికి వచ్చి సిలికా కణాల్ని ఒకదానికొకటి అంటిస్తుంది. నీకు కనిపించే తరకలు అవే. రైస్ వాళ్లు వాడింది స్నోటెక్స్ ఓ, అది ఆమ్ల గుణం ఉన్న సోల్ (నీళ్లలో సిలికా కణాలు తేలుతూ ఉన్న ద్రవం). కణం సైజు దగ్గరదగ్గరగా ఉందని ఒకటి బదులు ఇంకోటి వాడితే ఫలితం అలాగే వస్తుందనుకోకూడదు.

సరే లుడాక్స్‌నే వాడాలంటే, పలచన చేశాక సన్నటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా వేసి, బాగా కలుపుతూ, 7 దగ్గరికి తెచ్చుకో. ఇక్కడ ఇంకో చిక్కుంది. సిలికా సోల్‌కి పీహెచ్ 5 నుంచి 7 మధ్య గడ్డకట్టే గుణం బాగా ఎక్కువ, ఉప్పు ఉంటే మరీనూ. అందుకే పొద్దున సరిచేసి సాయంత్రం వాడడం కుదరదు. ఎంత కావాలో అంతే తీసి, సరిచేసి, అప్పటికప్పుడు వాడు.

మూడోది ఆగే సమయం. సిట్రేట్ పోసిన క్షణం నుంచి బొట్లు ఒకదానితో ఒకటి కలుస్తూ పెరుగుతూనే ఉంటాయి. సిలికా వచ్చి గోడ కట్టాకే ఆ పెరుగుదల ఆగుతుంది. కాబట్టి క్యాప్సూల్ సైజుని నిర్ణయించేది ఆ మధ్య సమయం. అది ఒక్కోసారి ఒక్కోలా ఉంటే సైజు కూడా ఒక్కోలా వస్తుంది, ఎక్కువసేపు ఆగితే బొట్లు పెద్దవై అడుక్కి దిగడం మొదలుపెడతాయి. సిలికా ముందే సిద్ధంగా పెట్టుకుని, గడియారం చూసుకుని పోయి.

#6 ఎమల్షన్_శ్రీ

ఇక్కడ అందరూ గోడ ఎలా కట్టాలో మాట్లాడుతున్నారు, అది దేన్ని ఆపుతుందో ఎవరూ మాట్లాడట్లేదు. నేను డిటర్జెంట్లలో వాడే సువాసన క్యాప్సూల్స్ మీద పని చేస్తాను, నాకు ముందు అడగాలనిపించేది ఇదే.

కణాలతో కట్టిన గోడ అంటే సందులున్న గోడ. మూడు గుండ్రటి కణాలు ఒకదానికొకటి తగిలేలా పెడితే మధ్యలో మిగిలే సందు, కణం వ్యాసంలో 15 శాతం. 0.9 మైక్రాన్ల కణాలైతే సందు 140 నానోమీటర్లు. ఒక మామూలు రంగు అణువుకి అది తలుపులు బార్లా తెరిచినట్టే. 20 మైక్రాన్ల క్యాప్సూల్, ఒక మైక్రాన్ మందం గోడ, పక్కపక్కన బిగుతుగా పేర్చినా 9 శాతం ఖాళీ, చిన్న అణువు నీళ్లలో పాకే మామూలు వేగం, ఇవన్నీ పెట్టి లెక్క వేసి చూడండి. లోపలున్నదాంట్లో చాలా భాగం సెకనులో పదో వంతు లోపే బయటికి వచ్చేస్తుంది. సెకనులో పదో వంతు! అలాంటిదాన్ని మందుని నెమ్మదిగా విడుదల చేసే క్యాప్సూల్ అని రాసిన ప్రాజెక్ట్ ప్రపోజల్స్ చూస్తే నాకు బాధేస్తుంది, పిల్లలు దాని మీద ఏళ్లు పెడతారు.

వేడి చేసి సందులు పూడ్చేశామంటారు. పూడ్చినా పాలిమర్‌లోంచే చిన్న అణువులు పాకుతూ బయటికి వస్తాయి. నిజంగా ఆపగలిగినవాళ్లు లీడ్స్ యూనివర్సిటీవాళ్లు. క్యాప్సూల్ మీద ముందు ప్లాటినమ్ నానోకణాలు, వాటి మీద బంగారం పొర పెంచి, ఆవిరయ్యే నూనెలు కూడా కదలకుండా పెట్టారు. అంటే చిన్న అణువుని ఆపాలంటే సందుల్లేని లోహపు పొర దాకా వెళ్లాల్సి వచ్చింది.

మా సువాసన నూనెలు సీసాలో ఎందుకు నిలుస్తాయంటే అవి నీళ్లలో పెద్దగా కరగవు కాబట్టి. అందులో గోడ గొప్పతనం సగమే. అదే క్యాప్సూల్‌ని సర్ఫాక్టెంట్ (సబ్బులా నూనెని పట్టుకునే పదార్థం) ఎక్కువున్న లిక్విడ్ డిటర్జెంట్‌లో వేయండి, సర్ఫాక్టెంట్ ఆ నూనెని మోసుకుని బయటికి తెచ్చేస్తుంది.

#7 గోళగణితం

శ్రీ గారి లెక్క సరైనదే, అందులో మారుమాట లేదు. కానీ సందులుండడం లోపం అన్న ముగింపుతో ఏకీభవించను. 2002 పేపర్ శీర్షికలోనే ఎంపిక చేసి పోనిచ్చే క్యాప్సూల్స్ అని ఉంది. సందు సైజుని కణం సైజుతో నిర్ణయించొచ్చన్నదే వాళ్లు చెప్పిన విషయం.

అదే 15 శాతాన్ని విశాఖ గారి 12, 13 నానోమీటర్ల సిలికాకి పెట్టండి. సందు దాదాపు 2 నానోమీటర్లు. గ్లూకోజ్ లాంటి అణువు ఒక నానోమీటరు కూడా ఉండదు, హాయిగా వెళ్లిపోతుంది. ఎంజైమ్ సాధారణంగా మూడు నానోమీటర్ల పైనే, లోపలే ఉండిపోతుంది. ముడిసరుకు లోపలికి రావాలి, తయారైంది బయటికి పోవాలి, ఎంజైమ్ మాత్రం కదలకూడదు. ఈ పనికి ఇంతకన్నా తగిన గోడ ఏముంది?

ఒక జాగ్రత్త చెప్పాలి. 2 నానోమీటర్లు అన్నది కణాలు తప్పు లేకుండా పేర్చుకున్నప్పటి మాట. గోళం మీద షడ్భుజాలు మాత్రమే పెట్టి మూయడం కుదరదు, ఫుట్‌బాల్ మీద 12 పంచభుజాలు ఉన్నట్టే ఇక్కడా కనీసం 12 చోట్ల కణానికి ఆరుకి బదులు ఐదుగురే పొరుగువాళ్లు ఉంటారు. గోళం పెద్దదైతే ఆ 12 ఒంటరిగా ఉండవు, వాటి నుంచి వరుసలు తప్పిన గీతలు సాగుతాయి. బౌష్ బృందం 2003లో నీటి బొట్ల మీద పాలీస్టైరీన్ కణాలతో ఈ గీతల్ని మైక్రోస్కోప్‌లో చూసి లెక్కపెట్టింది. సిట్రేట్ పద్ధతిలో అయితే కణాలు అసలు వరుసల్లో కూర్చోవు, పాలిమర్‌తో కలిసి అడ్డదిడ్డంగా ఇరుక్కుంటాయి. పాలిమర్ కొన్ని సందుల్ని పూడ్చేస్తుంది, కొన్నిచోట్ల పెద్దవి మిగులుతాయి. కాబట్టి సందు సైజు లెక్కతో తేల్చేది కాదు, రకరకాల సైజుల డెక్స్‌ట్రాన్‌కి (ఒక చక్కెర పాలిమర్) ఫ్లోరోసెంట్ రంగు తగిలించి, ఏది లోపలికి వెళ్తోందో ఏది వెళ్లట్లేదో చూసి తేల్చుకోవాలి.

#8 ఎంజైమ్_విద్యార్థిని

నేను బయోకెమిస్ట్రీ. ఎంజైమ్ వైపు నుంచి ఒక ప్రశ్న, ఒక సమాచారం.

విశాఖ గారూ, మీ ఎంజైమ్ ఏంటి? దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (ప్రోటీన్ నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) ఎంత? పీహెచ్ 7లో రుణావేశం ఉండే ప్రోటీన్ అయితే, గ్లూకోజ్ ఆక్సిడేజ్ (4.2) లాంటిది, పాలీఅమీన్ (మీ పాలిమర్ ఆ రకానిదే) దాన్ని తనంతట తనే లాక్కుంటుంది. సిట్రేట్ పోయకముందే పాలిమర్‌లో కలిపితే బొట్టులోకి వెళ్లిపోతుంది. లైసోజైమ్ లాంటిదైతే (11 దగ్గర) అదీ ధనావేశమే, పాలిమర్ దగ్గరికి రానివ్వదు, ఎంత కలిపినా బయటే ఉండిపోతుంది, పైగా బయట ఉండి సిలికా కణాల్ని పట్టుకుని గడ్డలు కట్టిస్తుంది.

నా ప్రశ్న ఏంటంటే, ప్రోటీన్‌కి కూడా ఆవేశం ఉంది కదా, తార్నాక గారు చెప్పిన నిష్పత్తి లెక్కలో దాన్ని కూడా కలపాలా?

#9 తార్నాక_కెమ్

కొద్దిగా వేస్తే పట్టించుకోనక్కర్లేదు, పాలిమర్ బరువుతో పోల్చదగ్గంత వేస్తే కలపాలి. సాధారణ ప్రోటీన్ మీద నికరంగా ఉండే ఆవేశాలు దాని బరువుకి చాలా తక్కువ, పాలీఅలైల్‌అమీన్‌లో ప్రతి 93.5కీ ఒకటి ఉంది. అందుకే ఎక్కువ సందర్భాల్లో సిట్రేట్‌దే పెత్తనం.

రుణావేశం ఉన్న చిన్న అణువులూ ఇలాగే లోపలికి వెళ్తాయి. ఇండోసయనిన్ గ్రీన్ రంగుని వాంగ్ బృందం, అన్వరి బృందం కలిసి ఇలాగే పట్టి ఉంచారు. దగ్గర పరారుణ కాంతి పడితే వేడెక్కే రంగు అది. అక్కడ రంగుని నిలిపింది గోడలో సందులు కాదు, లోపలి పాలిమర్‌తో దానికి ఉన్న ఆకర్షణ. శ్రీ మేడమ్ అడిగిన ప్రశ్నకి అది కూడా ఒక జవాబు అనుకుంటున్నాను. చిన్న అణువుని గోడతో ఆపలేకపోతే లోపలే దేనికైనా కట్టేయాలి.

#10 ఎమల్షన్_శ్రీ

ఆ జవాబు ఒప్పుకుంటాను. కానీ అదే మాట ఇంకో ప్రశ్న లేపుతోంది. లోపల పాలిమర్ ఉండి అది రంగుని పట్టుకుంటోందంటే, దాన్ని బోలు క్యాప్సూల్ అని ఎలా అంటాం? సిలికా పూసిన పాలిమర్ గుండు కదా అది. విశాఖ తమ్ముడు చేసినవి బోలువని ఎలా తెలిసింది?

#11 విశాఖ_స్కాలర్

ఎస్‌ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కొన్ని పగిలి, లోపల ఖాళీగా కనిపించాయి మేడమ్. కాన్‌ఫోకల్‌లో (ముక్కలు ముక్కలుగా చూపే మైక్రోస్కోప్) రంగు కలిపి చూస్తే చుట్టూ ఉంగరంలా వెలుగుతోంది.

#12 తార్నాక_కెమ్

ఆ రెండూ చాలవు. మేడమ్ అడిగింది అసలైన ప్రశ్న, రివ్యూయర్లు కూడా ఇదే అడుగుతారు.

ఎస్‌ఈఎంకి ఆరబెట్టావు. తడిగా ఉన్నప్పుడు లోపల నీళ్లు పట్టిన పాలిమర్ నిండా ఉన్నా, ఆరాక అది కుంచించుకుపోయి గోడకి అంటుకుంటుంది, మధ్యలో ఖాళీ మిగులుతుంది. కాబట్టి అది ఆరినప్పుడు బోలు అని చెబుతుంది, తడిగా ఉన్నప్పటి సంగతి చెప్పదు.

కాన్‌ఫోకల్ ఉంగరం సంగతి: రంగుని చివర్లో బయటి నుంచి కలిపితే, అది గోడ దగ్గరే పట్టుకుపోయి లోపలికి చేరకపోవచ్చు. నిండుగా ఉన్న గుండు కూడా అప్పుడు ఉంగరంలాగే కనిపిస్తుంది. అందుకని మొదట్లోనే కొంత పాలీఅలైల్‌అమీన్‌కి ఫ్లోరెసీన్ ఐసోథయోసయనేట్ (వెలిగే రంగు) తగిలించి, డయాలసిస్ చేసి విడిగా ఉన్న రంగు పోగొట్టి, మామూలు పాలిమర్‌తో కొద్దిగా కలిపి క్యాప్సూల్స్ చెయ్యి. తడిగా ఉన్నప్పుడే కింద నుంచి పైదాకా ముక్కలుగా స్కాన్ చెయ్యి. మధ్య ముక్కలో నడుమంతా చీకటిగా ఉంటే పాలిమర్ గోడలోకి చేరి లోపల ఖాళీ అయిందని నమ్మకంగా రాయొచ్చు. నడుమ కూడా వెలుగుతుంటే నిండు గుండు అనే రాయి, అందులో చిన్నతనం ఏమీ లేదు, ఎంజైమ్‌కి అది ఇంకా మేలేమో కూడా. ఇంకో మాట, ఫ్లోరెసీన్ వెలుగు పీహెచ్ తగ్గితే మందగిస్తుంది, పోల్చే నమూనాలన్నీ ఒకే పీహెచ్‌లో ఉండాలి.

#13 డిగ్రీకాలేజ్_మాస్టారు

నేను పశ్చిమ గోదావరిలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఈ చర్చ మొత్తం చదివాను, మా పిల్లలకి ప్రాజెక్ట్‌గా ఇవ్వాలని మనసు పడ్డాను. కానీ పాలీఅలైల్‌అమీన్ ధర చూస్తే మా ల్యాబ్ బడ్జెట్‌కి అందేలా లేదు. దాని బదులు కైటోసాన్ వాడొచ్చా? మా చుట్టుపక్కల అంతా రొయ్యల చెరువులే, ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలు, పెంకులు గుట్టలు పడతాయి. విశాఖలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వాళ్ల కేంద్రం కూడా ఉంది, పెంకుల నుంచి కైటోసాన్ తీయడం వాళ్లకి కొత్తేం కాదు.

#14 తార్నాక_కెమ్

తప్పకుండా వాడొచ్చు మాస్టారూ. కైటోసాన్ కూడా పాలీఅమీనే. సిట్రేట్ బదులు సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ పోస్తే ఇంకా గట్టి వంతెనలు కడుతుంది, కైటోసాన్ నానోకణాలు అలాగే చేస్తారు, 1997 నుంచీ ఉన్న పద్ధతి. రెండూ చవకే.

తేడాలు రెండు గమనించండి. కైటోసాన్‌లో అమీన్ ఆవేశం పీహెచ్ 6.5 దగ్గరే సగం పోతుంది, 7కి వచ్చేసరికి పాలిమర్ కరగకుండా బయటపడిపోతుంది. కాబట్టి పని అంతా ఎసిటిక్ ఆమ్లంలో పీహెచ్ 5 దగ్గర జరగాలి. సిలికాకి రుణావేశం పోయేది పీహెచ్ 2 దగ్గర, 5లో ఇంకా కొంత ఉంటుంది, పాలిమర్ మీద చేరడానికి అది చాలు. కానీ నేను పైన రాసినట్టు 5 దగ్గర సిలికా గడ్డకట్టే గుణం ఎక్కువ, అందుకే పలచన ద్రావణం, తక్కువ ఉప్పు, అప్పటికప్పుడు వాడకం. రెండోది, ట్రైపాలీఫాస్ఫేట్‌తో బొట్లు మెత్తగా ఉండవు, వెంటనే జెల్‌లా గట్టిపడతాయి. కాబట్టి సిలికా లోపలికి చొచ్చుకోకుండా పైపైన పూతలా నిలుస్తుంది. బోలు రాకపోవచ్చు, పెంకు ఉన్న గుండు వస్తుంది.

#15 ఎమల్షన్_శ్రీ

మాస్టారూ, ఇది ఊరికే చవక బేరం కాదు, ముందు ముందు పరిశ్రమ వెళ్లే దారి కూడా ఇటే. కరగని, కుళ్లని సింథటిక్ పాలిమర్ మైక్రోకణాలు కలిపిన సరుకుల మీద యూరోపియన్ యూనియన్ 2023లో ఆంక్షలు తెచ్చింది, సువాసన క్యాప్సూల్స్‌కి 2029 అక్టోబరు దాకా గడువిచ్చింది. సిలికాలో కార్బన్ లేదు కాబట్టి ఆ ఆంక్షల్లోకి రాదు. అందుకే మా రంగంలో అందరి చూపూ సిలికా, కాల్షియం కార్బొనేట్, పిండి పదార్థాల గోడల మీద ఉంది. పాలీస్టైరీన్ కణాలతో కొల్లాయిడోజోమ్‌లు చేసి సైన్స్ నేర్చుకోవచ్చు, బజారుకి మాత్రం పోవు. పిల్లలకి కైటోసాన్, సిలికా నేర్పితే అది రేపు ఉద్యోగానికీ పనికొస్తుంది.

#16 విశాఖ_స్కాలర్

అప్‌డేట్. సిలికాని పలచన చేసి పీహెచ్ 7కి తెచ్చి వెంటనే వాడాను, సిట్రేట్ తర్వాత ఆగే సమయం ఒకేలా ఉంచాను. తరకలు కట్టడం పోయింది. దాదాపు ఒకే సైజు గోళాలు, మైక్రాన్ నుంచి రెండు మైక్రాన్ల మధ్య. మా ఎంజైమ్ గ్లూకోజ్ ఆక్సిడేజే, పాలిమర్‌లో ముందే కలిపాను, సమస్య రాలేదు.

కొత్త చిక్కు ఏంటంటే సెంట్రిఫ్యూజ్ చేసి కడిగాక అడుగున ఉన్నది మళ్లీ చెదరట్లేదు. సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కదిపే యంత్రం) పెడితే విడిపోతోంది కానీ, ఆ పైనున్న నీళ్లలో ఎంజైమ్ చర్య కనిపిస్తోంది.

#17 తార్నాక_కెమ్

సోనికేటర్ మానెయ్. పైనీళ్లలో ఎంజైమ్ ఉందంటే క్యాప్సూల్స్ పగులుతున్నాయి. ఆ గోడని వేడి చేసి అతికించలేదు, రసాయన బంధాలు వేయలేదు, ఆవేశాల పట్టు మీదే నిలబడి ఉంది.

వేగం బాగా తగ్గించి, మెత్తగా దిగేలా ఎక్కువసేపు తిప్పు. అడుగున ఉన్నదాన్ని పూర్తిగా ఆరనివ్వకుండా, కాస్త నీళ్లు మిగిల్చి, పెద్ద మూతి ఉన్న పిపెట్ టిప్‌తో నెమ్మదిగా పీల్చి వదులుతూ విడదీయి. కడిగే నీళ్లు ఒట్టి నీళ్లు కాకుండా పీహెచ్ 7 దగ్గర, నువ్వు వాడిన సిట్రేట్‌లో కొంత భాగం ఉన్నవైతే మంచిది, లేకపోతే లోపలి సిట్రేట్ బయటికి పాకిపోయి గోడ సడలుతుంది. సెలైన్ లాంటి ఉప్పు నీళ్లు అసలు వాడకు, ఉప్పు ఆవేశాల్ని కప్పేస్తుంది.

#18 ఎంజైమ్_విద్యార్థిని

కడిగిన ప్రతిసారీ పైనీళ్లని పారబోయకుండా దాచండి. ఒక్కో కడుగుకి ఎంత ప్రోటీన్ పోతోందో బ్రాడ్‌ఫర్డ్‌తో (రంగుతో ప్రోటీన్ కొలిచే పద్ధతి) కొలవండి, కానీ పాలీఅమీన్, సిలికా రెండూ ఆ కొలతకి అడ్డొస్తాయేమో ఎంజైమ్ లేని క్యాప్సూల్స్‌తో ఒక బ్లాంక్ కూడా చేసి చూడండి. ఎంజైమ్ చర్య కూడా పక్కనే కొలిస్తే పోయింది ప్రోటీనా, బతికున్న ఎంజైమా అన్నది తెలుస్తుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్‌తో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, క్యాప్సూల్ లోపల అది పోగైతే ఎంజైమ్‌నే దెబ్బతీస్తుంది. కెటలేజ్ (పెరాక్సైడ్‌ని విడగొట్టే ఎంజైమ్) కూడా కలిపి పెట్టే ఆలోచన చేయండి, దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ కూడా 7 లోపే, మీ పాలిమర్‌తో పాటు లోపలికి వెళ్తుంది.

#19 విశాఖ_స్కాలర్

కెటలేజ్ మా పక్క ల్యాబ్‌లో ఉంది, అడుగుతాను. ఫ్లోరెసీన్ తగిలించిన పాలిమర్ డయాలసిస్‌లో ఉంది, కాన్‌ఫోకల్ స్లాట్ వచ్చే వారం దొరికింది. మధ్య ముక్క చీకటిగా ఉందో వెలుగుతోందో ఇక్కడే పెడతాను. మాస్టారూ, మీకు లుడాక్స్ కావాలంటే మా దగ్గర సీసా సగం మిగిలే ఉంది, మీ పిల్లల ప్రాజెక్ట్‌కి సరిపోతుంది, పర్సనల్ మెసేజ్ పెట్టండి.